బాత్‌హౌస్ అగ్గిపెట్టెలు, ఇత్తడి బిళ్ళలు, తువ్వాళ్ళు: సేకరణకారుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: అమెరికా, కెనడాల్లో ఒకప్పుడు నడిచిన గే బాత్‌హౌస్‌ల జ్ఞాపికలు. తిరుపతి, చిత్తూరు వైపు అగ్గిపెట్టె లేబుళ్ళు, నాణేలు, స్టాంపులు పోగుచేసేవాళ్ళకు కొదవ లేదు. ఆన్‌లైన్ లాట్లలో కొందరికి ఇవి అనుకోకుండా చేతికొస్తున్నాయి, కొందరు కావాలనే వెతుక్కుంటున్నారు. కొత్తవాళ్ళ కోసం ముందుగా నాలుగు మాటలు. ఆవిరి గది, లాకర్లు, చిన్న చిన్న అద్దె గదులు ఉన్న మగవాళ్ళ స్నానశాలలు ఇవి. మగవాడు మగవాణ్ణి ప్రేమించడం నేరమైన రోజుల్లో గే పురుషులు ఒకరినొకరు కలుసుకోగలిగిన కొద్ది చోట్లలో ఇవి ఒకటి. 1960ల నుంచి వాళ్ళ కోసమేనని బాహాటంగా నడిచినవి కూడా వచ్చాయి. ఎయిడ్స్ విరుచుకుపడ్డ 1984-85లో చాలావాటికి తాళాలు పడ్డాయి. సభ్యుల్లో ఎందరో చనిపోయారు, వాళ్ళ గదుల్లోని సామానును ఇంటివాళ్ళు చెత్తలో పడేశారు. అందుకే మిగిలింది తక్కువ. ఆ మిగిలినదాన్ని పాడు చేయకుండా, దాని వెనకున్న మనుషులను రచ్చకీడ్చకుండా దాచడం ఎట్లాగన్నదే ఈ జవాబుల్లోని విషయం.

ప్రశ్న: సార్, నాది అగ్గిపెట్టె లేబుళ్ళ సేకరణ. గుడియాత్తం, శివకాశి లేబుళ్ళే ఎక్కువ. మొన్న ఒక విదేశీ లాటులో అట్ట మడిచిన మ్యాచ్‌బుక్‌లు నాలుగు వచ్చినాయి. ఒకదాని మీద కాంటినెంటల్ బాత్స్, ఇంకోదాని మీద న్యూ సెయింట్ మార్క్స్ బాత్స్ అని ఉంది. ఇవి ఏ కాలానివో కనుక్కునేది ఎట్లా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు గీసే పట్టీ ఎక్కడుందో చూడండి. అమెరికా మ్యాచ్‌బుక్‌లకు మొదట్లో పట్టీ ముందువైపే, మూత కింద ఉండేది. మూత తెరిచి గీస్తే నిప్పురవ్వ ఎగిరి మిగతా పుల్లలన్నీ ఒక్కసారిగా అంటుకునేవి. అందుకని 1973 ప్రాంతంలో తయారీదారులు దాన్ని వెనకవైపుకు మార్చడం మొదలుపెట్టారు. 1978లో అమలైన భద్రతా నిబంధనతో అది తప్పనిసరైంది.

దీన్ని మీ రెండింటికీ పెట్టి చూడండి. కాంటినెంటల్ బాత్స్‌ను స్టీవ్ ఆస్ట్రో 1968లో న్యూయార్క్‌లోని అన్సోనియా హోటల్ నేలమాళిగలో తెరిచాడు. 1970 నుంచి బెట్ మిడ్లర్ పాడింది, బారీ మానిలో పియానో వాయించాడు అక్కడే. 1970ల నడిమికల్లా అది మూతపడింది. కాబట్టి దాని మ్యాచ్‌బుక్‌కు పట్టీ ముందున్నా సబబే, వెనకున్నా సబబే. న్యూ సెయింట్ మార్క్స్ సంగతి అట్లా కాదు. సెయింట్ మార్క్స్ ప్లేస్ 6వ నంబరులోని పాత స్నానశాలను బ్రూస్ మెయిల్‌మన్ బాగుచేయించి ఆ పేరుతో తెరిచింది 1979లో, న్యూయార్క్ నగరపాలక సంస్థ మూయించింది 1985 డిసెంబరులో. దానికి పట్టీ ముందువైపు ఉంటే అనుమానించాల్సిందే.

తర్వాత చిరునామా, ఫోను నంబరు. అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) వచ్చింది 1963లో. దాని వెనక గీతపెట్టి మరో నాలుగంకెలు ఉంటే 1983కు ఇటుదే. ఫోను నంబరు మొదట్లో అంకెలకు బదులు రెండు అక్షరాలుంటే పాత పద్ధతి, 1960ల వాటి మీద తరచూ కనిపిస్తుంది. ఏరియా కోడ్ (మన ఎస్‌టీడీ కోడ్ లాంటిది) ఇంకా కచ్చితంగా చెబుతుంది. షికాగోలో క్లార్క్ వీధిలోని మ్యాన్స్ కంట్రీ 1973 నుంచి 2017 చివరి దాకా నడిచింది. దాని కాగితం మీద 312 ఉంటే 1996కు ముందుది, 773 ఉంటే తర్వాతది. బర్క్‌లీలోని స్టీమ్‌వర్క్స్‌ది 415తో ఉంటే 1991కి ముందు, 510తో ఉంటే తర్వాత. టొరంటో కరపత్రం మీద అక్షరాలూ అంకెలూ కలిసిన పోస్టల్ కోడ్ ఉంటే 1970లకు ముందుది కానే కాదు. ఆ పద్ధతి 1971లో మొదలై 1974కల్లా కెనడా అంతటా వచ్చింది.

ఇక పుల్లలు ఉంచాలా, తీయాలా? ఇంట్లో ఉంచుకునేటట్లయితే తీసేయండి. మన వానాకాలపు చెమ్మకు కింది పిన్ను తుప్పు పట్టి, ఆ మరక అట్టలోకి దిగుతుంది, మళ్ళీ పోదు. అట్టను బోర్లా పెట్టి, మొద్దుబారిన సన్నటి చాకు మొనతో పిన్ను కాళ్ళు రెండూ నిలబెట్టండి. ముందువైపు నుంచి పిన్ను లాగితే అట్ట చిరుగుతుంది, కాబట్టి కాళ్ళు నిటారుగా నిలిచాకే వెనక నుంచి నెట్టాలి. మామూలు సైజులో ఇరవై పుల్లలు రెండు వరసలుగా ఉంటాయి. వాటిని నీళ్ళ బకెట్లో నానబెట్టి పారేయండి, ఎండిన చెత్తలో వేయొద్దు. అట్టను చాపి, రెండు తెల్ల కాగితాల నడుమ పెట్టి, పైన ఒక బరువైన పుస్తకం ఉంచితే రెండు మూడు రోజుల్లో సమంగా వస్తుంది. ఇస్త్రీ పెట్టె వాడారో, గీసే పట్టీ మందు రాలిపోతుంది.

ప్రశ్న: అన్నా, ఆన్‌లైన్‌లో ఒకాయన 'అరిస్టన్ బాత్స్, న్యూయార్క్, 1903' అని చెక్కిన ఇత్తడి బిళ్ళ అమ్ముతున్నాడు. పోలీసు దాడి జరిగిన చోటిదని రాసినాడు. తీసుకోవచ్చా?
– చిత్తూరు నుంచి

జవాబు: వద్దు తమ్ముడూ. అరిస్టన్ కథ నిజమే. బ్రాడ్‌వే, 55వ వీధి మూలన ఉన్న అరిస్టన్ హోటల్ కింది స్నానశాల మీద 1903 ఫిబ్రవరి 21 రాత్రి పోలీసులు పడ్డారు. 26 మందిని అరెస్టు చేశారు. పన్నెండు మంది మీద విచారణ నడిచింది, ఏడుగురికి 4 నుంచి 20 ఏళ్ళ దాకా శిక్ష పడింది. అమెరికాలో గే స్నానశాల మీద దాడిగా నమోదైన వాటిలో ఇదే మొదటిది. ఇంత కథ ఉన్న పేరు గనకే దొంగ సరుకు పుడుతుంది.

తేదీ చెక్కి ఉండటమే మొదటి అనుమానం. లాకరు బిళ్ళ అన్నది వాడుక వస్తువు. దాని మీద నంబరుంటుంది, ఒక్కోసారి సంస్థ పేరుంటుంది. సంవత్సరంతో ఎవరికీ పని లేదు. దాడి జరిగిన ఏడాదే కొట్టొచ్చినట్టు చెక్కి ఉందంటే, ఆ దాడి గురించి తర్వాత చదువుకున్నవాడు చేయించిన బిళ్ళ అన్నమాట. పాత అమెరికా వేశ్యాగృహాల టోకెన్ల పేరుతో ఇట్లాంటి ఊహా బిళ్ళలు దశాబ్దాలుగా గుట్టలు గుట్టలుగా అమ్ముడవుతున్నాయి. బాత్‌హౌస్ బిళ్ళలదీ అదే దారి.

చేతికొచ్చిన ఏ బిళ్ళనైనా పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టండి. అంకెలు ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టినవైతే లోతు, వంపు కాస్త తేడాగా ఉంటాయి, అంచుల్లో లోహం కొంచెం ఉబ్బి ఉంటుంది. అన్ని అక్షరాలూ ఒకే లోతులో, అంచులు మెత్తగా, నేల మీద సన్నటి చుక్కల గరుకు ఉంటే పోత పోసిన నకలు. తాడో రింగో దూరే రంధ్రం చూడండి. ఏళ్ళ తరబడి వాడిన బిళ్ళకు రంధ్రం ఒక పక్కకే అరుగుతుంది, వేలాడే వైపు. దొంగ బిళ్ళను రసాయనంలో ముంచి నల్లబరుస్తారు గాని రంధ్రాన్ని అరగదీయరు. మురికి కూడా అంతే: నిజమైనదానికి అక్షరాల గుంటల్లో నలుపు, ఎత్తుల మీద మెరుపు ఉంటుంది, ముంచినదానికి అంతటా ఒకే నలుపు.

కాగితాలకు ఇంకో పరీక్ష. కరెన్సీ నోట్లు చూసే యూవీ టార్చి ఒకటి కొనుక్కోండి. చీకటి గదిలో కాగితం మీద వేస్తే, 1950ల నుంచి విరివిగా వాడుకలోకొచ్చిన తెలుపు రసాయనం ఉన్న కాగితం నీలితెలుపులో మెరుస్తుంది. 1903 నాటిదని చెప్పే రసీదు అట్లా మెరిస్తే బేరం అక్కడే ఆపేయండి. 1970ల పోస్టరు మెరవడంలో వింతేమీ లేదు. దానికి భూతద్దం కావాలి. నాటి ఆఫ్‌సెట్ అచ్చులో రంగు చుక్కలు ఒక క్రమంలో పువ్వులు పేర్చినట్టు ఉంటాయి, ఇంక్‌జెట్ ప్రింటరు చుక్కలు చిందరవందరగా చిమ్మినట్టు ఉంటాయి.

ప్రశ్న: నా దగ్గర క్లబ్ బాత్స్ సభ్యత్వ కార్డులు కొన్ని ఉన్నాయి. రెండింటి మీద మనిషి పేరు, సంతకం స్పష్టంగా ఉన్నాయి. ఫోటోలు తీసి పెడితే మిగతా సేకరణకారులకు ఉపయోగం కదా?
– శ్రీకాళహస్తి పాఠకురాలు

జవాబు: కార్డు చూపించండి అమ్మా, పేరు మాత్రం చూపించకండి. ఈ విషయంలో మేము మెత్తబడం.

క్లబ్ బాత్స్ 1965లో క్లీవ్‌లాండ్‌లో జాక్ క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన సంస్థ. తర్వాత అమెరికా, కెనడాల్లో ఊరూరా శాఖలు లేచాయి. అందుకే దాని కార్డులే ఇప్పుడు ఎక్కువగా దొరుకుతాయి. అప్పట్లో ఇరవై ఏళ్ళ కుర్రాడుగా కార్డు తీసుకున్న మనిషి ఈ రోజు ఎక్కడో బతికే ఉండొచ్చు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే పెద్దవాడై ఉండొచ్చు. చనిపోయి ఉంటే పిల్లలుంటారు. 1981 ఫిబ్రవరి 5న టొరంటోలో పోలీసులు ఒకేసారి నాలుగు బాత్‌హౌస్‌ల మీద పడి 300 మందికి పైగా పట్టుకెళ్ళారు. వాటిలో క్లబ్ బాత్స్ ఒకటి. పేరు బయటపడితే కొలువూ కాపురమూ పోయే కాలం అది. అక్కడి పోలీసు అధిపతి దానికి విచారం తెలిపింది 2016లో. మన దేశంలో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి పెద్దల మధ్య పరస్పర అంగీకార సంబంధాలను తప్పించిందే 2018 సెప్టెంబరు 6న. పేరు ఎంత బరువో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

పద్ధతి ఇది. ఫోటో తీశాక ఫోన్లో నల్లగీత గీయడం మీద ఆధారపడొద్దు. కొన్ని యాప్‌ల మార్కరు గీత పారదర్శకం, వెలుగు పెంచితే కింద అక్షరాలు తేలతాయి. ఫోటో తీయకముందే దళసరి కాగితం ముక్క పేరు మీద పెట్టండి, అతికించకండి. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్న ప్లాస్టిక్ కార్డయితే వెనకవైపు కూడా కప్పాలి, అక్కడ పేరు తిరగబడి కనిపిస్తుంది. సభ్యత్వ సంఖ్యలో చివరి మూడంకెలు కూడా మూయండి. మీ జాబితాలో మాత్రం పేరు ఉన్నదున్నట్టు రాసుకోండి, ఆ పేజీ ఎవరికీ ఇవ్వొద్దు. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే పేరున్న కార్డులు బహిరంగ వేలానికి పెట్టకండి. అవి ఆర్కైవులకు (చరిత్ర పత్రాలు దాచే సంస్థలకు) వెళ్ళాల్సినవి. ఇంకో మాట: చాలామంది మారుపేర్లతో కార్డులు తీసుకున్నారు. కాబట్టి ఆ పేరు పట్టుకుని మనిషిని వెతికే పని అసలే పెట్టుకోవద్దు, సంబంధం లేనివాడి కొంప మునుగుతుంది.

కార్డు భద్రం గురించి: లామినేషన్ చేయించకండి. ఎవరో ఎప్పుడో చేయించి ఉంటే పీకకండి, సిరా పొరతో పాటు లేచి వస్తుంది.

ప్రశ్న: విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్‌లో ఆగుతుందా? ఇట్లాంటివి ఉంచుకోవడం నేరమా? గిఫ్ట్ అని రాయించమని ఫ్రెండు చెప్పినాడు.
– తిరుపతి

జవాబు: గిఫ్ట్ అని రాయించకండి. బహుమతి పేరుతో పోస్టు, కొరియరు ద్వారా వచ్చే సరుకు దిగుమతిని 2019 డిసెంబరు నుంచి నిషేధించారు. రాఖీలకు, ప్రాణరక్షక మందులకు మాత్రమే మినహాయింపు. వస్తువు ఏమిటో, వెల ఎంతో ఉన్నదున్నట్టు రాయించండి: 'పాత అచ్చు కాగితం, సేకరణ వస్తువు, 1975 ప్రాంతం' అంటే చాలు. సుంకం పడితే కట్టండి, ఆ రసీదు వస్తువుతో పాటు దాచండి. కొరియరువాళ్ళు ఆధార్ లేదా పాన్ అడుగుతారు, ముందే ఇచ్చి ఉంచితే ఆలస్యం ఉండదు.

అడ్డు వచ్చేది రెండు చోట్ల. ఒకటి అగ్గిపుల్లలు. అంతర్జాతీయ తపాలాలో అగ్గిపుల్లలు పంపకూడదు. అమ్మేవాడితో పుల్లలు తీయించి, ఖాళీ అట్ట మాత్రమే పంపమని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. రెండోది అశ్లీలత. అశ్లీలమైన పుస్తకం, బొమ్మ, వస్తువు దిగుమతిని 1964 నాటి కస్టమ్స్ నోటిఫికేషన్ నిషేధిస్తుంది. దేశంలో అట్లాంటివి అమ్మడం, పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ కిందికి వస్తుంది. పేరూ చిరునామా ఉన్న కార్డు, తాళంచెవి, తువ్వాలు, రేట్ల పట్టిక, ఆరోగ్య కరపత్రం, వీటిలో అశ్లీలం ఏమీ లేదు. నగ్న చిత్రాలున్న పోస్టర్లు, క్యాలెండర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. చారిత్రక విలువ ఉందని కౌంటరు దగ్గర వాదించి గెలవడం కష్టం. ఆ చిత్రాలు ఆర్కైవుల్లో ఉన్నాయి, ఉండనివ్వండి.

ప్రశ్న: పాత పోస్టర్లు రెండు ఉన్నాయి, ఎయిడ్స్ కాలంలో బాత్‌హౌస్ గోడకు అంటించినవి. తాటాకు గ్రంథాలకు రాసినట్టు నిమ్మగడ్డి నూనె రాస్తే పురుగు పట్టదంటున్నారు, నిజమేనా?
– పలమనేరు

జవాబు: తాటాకుకు నిజం, కాగితానికి విషం. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ఉన్న తాళపత్రాలకు ఆ నూనె ఎందుకంటే, ఎండిన ఆకు పెళుసెక్కకుండా వంగడానికి. కాగితం నూనెను పీల్చుకుంటుంది, పారదర్శకంగా మచ్చ పడుతుంది, కొన్నాళ్ళకు ఆ మచ్చ గోధుమరంగుకు తిరిగి అక్కడే విరుగుతుంది. కలరా ఉండలు కూడా వేయొద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, మనిషికీ మంచిది కాదు.

మీ చేతిలో ఉన్నవి చాలా విలువైన పోస్టర్లు, అందుకే కాస్త విడమరిచి చెబుతున్నాం. 1984 అక్టోబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో ఆరోగ్య శాఖ డైరెక్టరు మెర్విన్ సిల్వర్‌మన్ 14 సంస్థలను మూయమని ఆదేశించాడు. మూస్తేనే ప్రాణాలు నిలుస్తాయన్నవాళ్ళు, ఇక్కడే కండోమ్ గురించి చెప్పగలమన్నవాళ్ళు గే సమాజంలోనే ఇద్దరూ ఉన్నారు. గోడమీది ఆరోగ్య పోస్టరు ఆ వాదం నడుస్తుండగా పుట్టింది. అంటించి చించేసేవి గనక నిలిచినవి అరుదు. మూలల్లో టేపు మచ్చలు, పిన్ను రంధ్రాలు ఉంటే పూడ్చకండి, ఒకప్పుడు గోడమీద ఉన్నట్టు అవే సాక్ష్యం.

మొదట పురుగు సంగతి. పోస్టరును రెండు తెల్ల కాగితాల నడుమ చాపి, కింద ఒక అట్ట పెట్టి, పాలిథిన్ సంచిలో గాలి పిండేసి టేపుతో మూయండి. ఇంట్లో ఫ్రీజరు మైనస్ 18 డిగ్రీల దాకా వెళుతుంది గనక రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక పూర్తి రోజు సంచి తెరవొద్దు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. చల్లటి కాగితం మీద గాలిలోని చెమ్మ నీళ్ళై దిగుతుంది, సంచి మూసి ఉంటే ఆ తడి సంచిమీదే ఆగుతుంది, తెరిస్తే పోస్టరు మీద పడుతుంది. ఫోటోలను, ప్లాస్టిక్ కార్డులను మాత్రం ఫ్రీజరులో పెట్టకండి.

తర్వాత చెమ్మ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలమే మనకు గండం. గాలి బిగువుగా మూసుకునే 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక చిన్న డిజిటల్ తేమమాపకం, గుడ్డ మూటలో 200 గ్రాముల సిలికా జెల్. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలవాలి. 35కు దిగిందంటే కొంత జెల్ తీసేయండి, మరీ ఎండితే కాగితం మడతల దగ్గర విరుగుతుంది. నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు తిరిగే జెల్ కొనండి. నీలం రకంలో కోబాల్టు ఉంటుంది, వద్దు. రంగు మారినప్పుడు ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి, చల్లారాక మళ్ళీ వాడొచ్చు.

కవర్లు పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి, అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. 3 ఉంటే పీవీసీ. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చేవన్నీ దాదాపు అవే. రెండు మూడు ఎండాకాలాలకు పీవీసీ కవరు జిగటెక్కి సిరాను తన మీదికి లాక్కుంటుంది. ఫ్రేము కట్టించాలంటే అసలు కాగితాన్ని కాక స్కాను తీసిన నకలును కట్టించండి. అసలే కావాలని పట్టుబడితే వెనక ప్లైవుడ్, ఎండీఎఫ్ వద్దనీ, అద్దానికి కాగితం తగలకుండా మౌంటు అట్ట పెట్టమనీ, ఫెవికాలూ టేపూ వాడొద్దనీ చీటీ మీద రాసి ఇవ్వండి. నోటిమాట ఫ్రేముల షాపులో నిలవదు.

ప్రశ్న: పేరు అచ్చు వేసిన తువ్వాలు, ఒక టీషర్టు కొన్నాను. ఉతకొచ్చా? టీషర్టు అప్పటిదేనా?
– నగరి

జవాబు: టీషర్టు ముందు. చేతుల అంచు, కింది అంచు కుట్టు చూడండి. ఒకే వరస కుట్టుంటే 1990ల మొదటి సగానికి ముందుదయ్యే అవకాశం ఎక్కువ, జంట వరసలుంటే తర్వాతది. మెడ లేబుల్ మీద ఎట్లా ఉతకాలో సూచనలు ఉంటే 1972కు ఇటుది, అమెరికాలో ఆ నిబంధన ఆ ఏడు వచ్చింది. ఆర్‌ఎన్ అని నంబరు ఉంటే అది తయారీదారుది, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైట్లో ఉచితంగా వెతికితే ఏ కంపెనీయో తెలుస్తుంది. కాంటినెంటల్ బాత్స్ గుర్తుతో ఇప్పుడు కొత్తగా వేసి అమ్మే టీషర్టులు బోలెడు. కొత్తవని చెప్పి అమ్మితే తప్పు లేదు, పాతవని చెబితేనే మోసం.

తువ్వాలును ఉతికే ముందు తడి తెల్లగుడ్డను అచ్చు మీద ఒక మూల ఒక నిమిషం ఒత్తండి. రంగు అంటితే ఉతకడం మానండి. అంటకపోతే బోరు నీళ్ళు కాకుండా ఆర్‌ఓ నీళ్ళలో, వాసనలేని మెత్తటి సబ్బు నీరు కొద్దిగా కలిపి, వెడల్పాటి తొట్టిలో పరిచి ఒత్తండి. పిండొద్దు, దులపొద్దు. బోరు నీళ్ళలోని సున్నం పోగుల్లో నిలిచి గుడ్డను బిరుసెక్కిస్తుంది. గంజి పెడితే పురుగుకు విందు పెట్టినట్టే. నీలిమందు అసలొద్దు. నీడలో, బల్ల మీద పరిచి ఆరబెట్టండి.

దాచడానికి మడతలు పెట్టకండి. మూడంగుళాల లావున్న అట్ట గొట్టానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దాని మీద కోరా గుడ్డ వేసి, తువ్వాలును అచ్చు బయటికి వచ్చేటట్టు చుట్టండి. అచ్చు లోపలికి పెడితే రంగు పొర నలిగి పగులుతుంది. కోరా గుడ్డ మీ ఊళ్ళోనే మగ్గాల దగ్గర దొరుకుతుంది. వాడే ముందు వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి మగ్గం గంజి పోగొట్టండి. ఇనప బీరువా మంచిది, టేకు పెట్టె ఆవిరి గుడ్డను పసుపెక్కిస్తుంది.

ప్రశ్న: లాకరు తాళంచెవి, ఇత్తడి బిళ్ళ, చేతికి తొడిగే రబ్బరు పట్టీతో సహా వచ్చినాయి. మా అమ్మ చింతపండు వేసి తళతళలాడేటట్టు తోమింది. ఇప్పుడేం చేసేది?
– కుప్పం

జవాబు: అమ్మను ఏమీ అనకండి, దీపపు కుందికి అదే సరైన వైద్యం. ఇక్కడ మాత్రం చింతపండు పులుపు ఏళ్ళ నాటి పైపొరను కరిగించింది. ఆ పొర మళ్ళీ రాదు. మిగిలిన పులుపు గుంటల్లో ఉండిపోతే పచ్చ కిలుము పడుతుంది, అది ఆపడం ఇప్పటి పని. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరులో మూడు సార్లు నీళ్ళు మారుస్తూ మెత్తటి బ్రష్షుతో కడగండి. గుడ్డతో అద్ది, హెయిర్ డ్రయ్యరు తక్కువ వేడిలో రంధ్రం లోపల కూడా ఆరబెట్టండి. ఒక రోజు ఆగి మైక్రోక్రిస్టలైన్ వాక్స్ (లోహానికి పూసే మైనం) సన్నగా రాసి తుడిచేయండి. ఇకమీదట అంచులు పట్టుకునే తీయండి.

రబ్బరు పట్టీని విడదీయండి, పారేయకండి. పాత రబ్బరులోంచి వచ్చే గంధకం ఇత్తడిని నల్లబరుస్తుంది, ఎండకు రబ్బరే కరిగి జిగురై అంటుకుంటుంది. పట్టీని వేరే కాగితపు కవరులో ఉంచి, రెండింటికీ ఒకే నంబరు వేయండి. నంబరు కవరు మీద 2బీ పెన్సిలుతో వేయాలి, వస్తువు మీద కాదు.

ప్రశ్న: కాంటినెంటల్‌లో రికార్డు చేసిన ఎల్‌పీ ఉందంటారు, నిజమా?
– తిరుపతి

జవాబు: ఉంది. సోప్రానో గాయని ఎలినార్ స్టీబర్ 1973లో అక్కడ చేసిన కచేరీని ఆర్‌సీఏ ఎల్‌పీగా తెచ్చింది. మెట్రోపాలిటన్ ఒపెరాలో పాడిన గొంతు అక్కడ పాడింది. బడ్జెట్ తక్కువున్నవాళ్ళకు మొదటి వస్తువుగా మేము చెప్పేది ఇదే. నకలు బెడద తక్కువ, పేరు బయటపడే మనిషి లేడు, కస్టమ్స్‌లో ప్రశ్న రాదు. నిలువుగా పెట్టండి, పడుకోబెడితే మన ఏప్రిల్, మే వేడికి వంకర పోతుంది.

ప్రశ్న: నా తర్వాత ఇవన్నీ ఎవరికి? ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, తగలబెడతారేమో. మన దేశపువి కూడా సేకరించాలని ఉంది, ఏం వెతకాలి?
– చిత్తూరు, పేరు వద్దన్నారు

జవాబు: ఇక్కడివి ముందు. అమెరికా తరహా గే బాత్‌హౌస్‌ల చరిత్ర మనకు లేదు. లేనిదాన్ని వెతికితే దొంగ సరుకే దొరుకుతుంది. మన చరిత్ర ఉన్నది కాగితంలో: 1990లో అశోక్ రావు కవి మొదలుపెట్టిన 'బాంబే దోస్త్' గే పత్రిక పాత సంచికలు, ఢిల్లీలో ఏబీవీఏ (ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్) 1991లో తెచ్చిన నివేదిక, 1999 జులై 2న కోల్‌కతాలో జరిగిన ప్రైడ్ నడక కరపత్రాలు, 377వ సెక్షన్ మీద 2009, 2013, 2018 తీర్పుల రోజుల నాటి తెలుగు దినపత్రికలు. ఈ చివరిదాన్ని ఎవరూ దాచడం లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లా ఎడిషన్లలో ఆ తీర్పుల మర్నాడు ఏ మాటలు వాడారు, ఏ పేజీలో వేశారు అన్నది ఇంకో ఇరవై ఏళ్ళకు ఎవరికైనా కావాలి. తూకానికి వేసేవాళ్ళ దగ్గర ఇప్పటికీ దొరకొచ్చు. పత్రిక కాగితం తనంతట తానే పసుపెక్కి పొడవుతుంది గనక కొన్న రోజే 600 డీపీఐలో స్కాను చేసి, అసలును చీకట్లో పెట్టండి.

ఇక తర్వాత ఎవరికన్నది. బెంగళూరులో నేషనల్ లా స్కూల్లో క్వామ్రా అనే క్వీర్ ఆర్కైవు ఉంది, మీకు రోడ్డున కొన్ని గంటల దూరం. విదేశీ వస్తువులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో 1985లో మొదలైన జీఎల్‌బీటీ హిస్టారికల్ సొసైటీ, లాస్ ఏంజిలిస్‌లో వన్ ఆర్కైవ్స్, టొరంటోలో 1973 నుంచి ఉన్న ది ఆర్కైవ్స్ (ArQuives), షికాగోలో లెదర్ ఆర్కైవ్స్ మ్యూజియం ఉన్నాయి. ఎవరికైనా పెట్టె నేరుగా పంపేయకండి. ముందు జాబితా పంపి, ఏది తీసుకుంటారో అడగండి. తమ దగ్గర ఉన్నదే ఇంకోటి వస్తే చాలా ఆర్కైవులు వద్దంటాయి.

ఆ జాబితాయే అన్నిటికన్నా ముఖ్యం. గట్టి అట్ట నోటుబుక్కులో ఒక్కో వస్తువుకు ఒక పేజీ ఇవ్వండి: నంబరు, ఏమిటి, మిల్లీమీటర్లలో కొలతలు, మీద ఉన్న రాత అక్షరం పొల్లుపోకుండా, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారు, అమ్మినాయన దాన్ని ఎక్కడ సంపాదించానని చెప్పాడు, ఏమేం దెబ్బలున్నాయి. అమ్మకపు పేజీ ప్రింటు తీసి అక్కడే పెట్టండి, ఆన్‌లైన్ పేజీలు నెలల్లో మాయమవుతాయి. వచ్చిన కవరు, దాని మీది పోస్టు ముద్ర పారేయకండి. షికాగోలో చనిపోయిన ఒక మనిషి గదిలోంచి వచ్చిన తాళంచెవికి ఆ మాట రాసిన చీటీ తోడుంటే అది చరిత్ర. చీటీ పోతే తూకానికి అమ్మే ఇత్తడి.

ఇంట్లోవాళ్ళు తగలబెడతారన్న భయం ఉంటే వీలునామా దాకా ఆగొద్దు, బతికుండగానే దానపత్రం రాయండి. అందులో మూడు షరతులు పెట్టుకోవచ్చు: మీ పేరు ఎన్నేళ్ళ దాకా బయటపెట్టకూడదు, కార్డుల మీది పేర్లు ఎన్నేళ్ళు మూసి ఉంచాలి, వద్దనుకున్న వస్తువులను అమ్మకుండా ఎవరికివ్వాలి. ఆర్కైవు వాళ్ళ దగ్గర అచ్చు పత్రం ఉంటుంది, దాని ఖాళీల్లో ఇవి రాయించి, ఇద్దరి సంతకాలతో మీ ప్రతి ఒకటి నమ్మకమైన స్నేహితుడి దగ్గర ఉంచండి. పెట్టె మీద మాత్రం 'పాత లేబుళ్ళు' అని రాసుకుంటే చాలు.